ఇంజినీరింగ్‌లో ‘ఫస్టియర్ సబ్జెక్టులు’: రాయ్‌పూర్ గనులు, పొగ గొట్టాలు ఏం చెబుతున్నాయి?

రాయ్‌పూర్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎన్‌ఐటీ) పుట్టింది గనుల కోసమే. 1956 సెప్టెంబర్ 14న అప్పటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ దీని భవనానికి శంకుస్థాపన చేశారు. 1963 మార్చి 14న ప్రధాని నెహ్రూ ప్రారంభించారు. అప్పటి పేరు గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ మైనింగ్ అండ్ మెటలర్జీ. మొదట్లో ఉన్నవి రెండే బ్రాంచీలు, మైనింగ్, మెటలర్జీ. పక్కనే భిలాయిలో సోవియట్ సాయంతో ఉక్కు కర్మాగారం లేస్తోంది. దానికి ఖనిజం తవ్వేవాళ్లు, కరిగించేవాళ్లు కావాలి. ఆ అవసరం నుంచి వచ్చిన కాలేజీ తర్వాత గవర్నమెంట్ ఇంజినీరింగ్ కాలేజీగా మారింది. 2005 డిసెంబర్ 1న ఎన్‌ఐటీ అయింది.

ఈ నగరంలో, దాని చుట్టూ ఇప్పుడు ఐఐటీ భిలాయి, నయా రాయ్‌పూర్‌లో ట్రిపుల్ ఐటీ, ఇంకా అనేక ప్రైవేటు కాలేజీలు ఉన్నాయి. సగం సీట్లు ఇతర రాష్ట్రాల వారికి కేటాయించే ఎన్‌ఐటీ పద్ధతి వల్ల, జేఈఈ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకునే తెలుగు కుటుంబాలకు రాయ్‌పూర్ పేరు కొత్త కాదు. ఏ కాలేజీలో చేరినా మొదటి ఏడాది దాదాపు ఒకటే. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఇంగ్లిష్. తెలుగు రాష్ట్రాల కాలేజీల్లో వీటికి ‘హెచ్ అండ్ ఎస్’ అనే ముద్దుపేరు కూడా ఉంది. హ్యుమానిటీస్ అండ్ సైన్సెస్ అన్నమాట. విద్యార్థి దృష్టిలో అవి ‘గట్టెక్కాల్సిన’ సబ్జెక్టులు, అసలు ఇంజినీరింగ్ సెకండియర్‌లో మొదలవుతుంది.

అసలు ఇంజినీరింగ్ అనేది వీటి నుంచి విడదీయగలిగినదేనా? రాయ్‌పూర్ పరిసరాల్లోనే దీనికి కొన్ని జవాబులున్నాయి.

160లో ఎవరి వాటా ఎంత?

ముందు లెక్క చూద్దాం. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) 2018 జనవరిలో నమూనా పాఠ్య ప్రణాళిక విడుదల చేసింది. అంతకుముందు 220 దాకా ఉన్న మొత్తం క్రెడిట్లను 160కి తగ్గించింది. అందులో బేసిక్ సైన్సెస్‌కు 25, ఇంజినీరింగ్ సైన్సెస్‌కు 24, బ్రాంచి ప్రధాన సబ్జెక్టులకు 48, బ్రాంచి ఎలక్టివ్‌లకు 18, ఓపెన్ ఎలక్టివ్‌లకు 18, ప్రాజెక్టు, సెమినార్, ఇంటర్న్‌షిప్‌లకు 15 ఇచ్చింది. మిగిలిన 12 హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్‌కు. అయితే మేనేజ్‌మెంట్ కూడా ఈ పన్నెండులోనే. అందులోంచి ఇంగ్లిష్‌కు 3 పోతే చరిత్ర, ఆర్థికశాస్త్రం, సమాజశాస్త్రం, నీతిశాస్త్రం, మేనేజ్‌మెంట్ అన్నీ తొమ్మిదిలో సర్దుకోవాలి. పర్యావరణ శాస్త్రం, భారత రాజ్యాంగం, భారతీయ సంప్రదాయ జ్ఞానం తప్పనిసరి కోర్సులే కానీ క్రెడిట్లు సున్నా.

ఎన్‌ఐటీల్లాంటి సంస్థలు సిలబస్‌ను తమ సెనేట్‌లోనే తయారు చేసుకుంటాయి కాబట్టి ఈ అంకెలు అన్నిచోట్లా యథాతథంగా ఉండవు. దేశం మొత్తం మీద ధోరణి మాత్రం ఇదే.

ఏడు దశాబ్దాల కిందటి ఇంకో లెక్కతో పోల్చితే తేడా తెలుస్తుంది. 1955లో అమెరికన్ సొసైటీ ఫర్ ఇంజినీరింగ్ ఎడ్యుకేషన్ తరఫున గ్రింటర్ కమిటీ ఇచ్చిన నివేదిక కోర్సులో సుమారు పావు వంతు గణితం, బేసిక్ సైన్సెస్‌కు, సుమారు ఐదో వంతు హ్యుమానిటీస్, సోషల్ స్టడీస్‌కు ఉండాలంది. మన నమూనాలో ఇవి 16 శాతం లోపు, 7.5 శాతం. అంతకుముందే, 1949లో, ఎంఐటీలో కెమికల్ ఇంజినీర్ వారెన్ లూయిస్ నేతృత్వంలోని కమిటీ చేసిన సూచనతో మరుసటి ఏడాది అక్కడ హ్యుమానిటీస్ కోసం ప్రత్యేక స్కూల్ ఏర్పడింది. అణుబాంబు పడి అప్పటికి నాలుగేళ్లే. ఇంజినీర్లు తయారు చేసేదేమిటో ఇంజినీర్లకే ఆలోచన రేపిన కాలం అది. ఆ ప్రభావం ఐఐటీల మీదా పడింది. అమెరికా విశ్వవిద్యాలయాల సహకారంతో ఎదిగిన ఐఐటీ కాన్పూర్ మొదటి నుంచీ సైన్స్, హ్యుమానిటీస్ కోర్ కోర్సులకు పెద్దపీట వేసింది. రాష్ట్రాల ఇంజినీరింగ్ కాలేజీల దాకా వచ్చేసరికి ఆ స్ఫూర్తి పలుచబడి ‘కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబ్’గా మిగిలింది.

పొగ గొట్టం దగ్గర ఫిజిక్స్ ఎంతవరకు?

రాయ్‌పూర్ శివార్లలోని ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల్లో స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు ఎక్కువ. ఇనుప ఖనిజాన్ని, బొగ్గును పొడవైన తిరిగే కొలిమిలో సుమారు వెయ్యి డిగ్రీల వేడిలో ఉంచుతారు. ఖనిజం కరగదు. బొగ్గు నుంచి పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాక్కుపోతుంది. ఆక్సిజన్ పోయినచోట సూక్ష్మమైన రంధ్రాలు మిగులుతాయి, అందుకే అది ‘స్పాంజ్’. ఏ ఉష్ణోగ్రతలో ఈ చర్య ముందుకు నడుస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పేది ఫస్టియర్ కెమిస్ట్రీలో చాలామంది బట్టీపట్టి వదిలేసే థర్మోడైనమిక్సే.

కొలిమి నుంచి వచ్చే వాయువులో దుమ్ము ఉంటుంది. దాన్ని పట్టేందుకు ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్ (ఈఎస్‌పీ) పెడతారు. వేల వోల్టుల విద్యుత్ ఉన్న తీగల మధ్య నుంచి పొగ వెళ్తుంది. దుమ్ము రేణువులకు ఆవేశం వస్తుంది, పక్కనున్న లోహపు పలకలకు అంటుకుంటాయి. పలకలను సుత్తులు కొడుతుంటే దుమ్ము కింద తొట్లలోకి రాలుతుంది. అంతా కూలుంబ్ సూత్రమే.

గణితం కూడా ఇక్కడే ఉంది. పలకల వైశాల్యం పెంచుతూ పోతే బయటికి పోయే దుమ్ము సరళరేఖలా తగ్గదు, ఎక్స్‌పొనెన్షియల్‌గా తగ్గుతుంది. ఆదర్శ పరిస్థితుల్లో, కొంత వైశాల్యం దుమ్ములో 90 శాతం పడితే, రెట్టింపు చేసినప్పుడు 99 శాతం, మూడు రెట్లు చేసినప్పుడు 99.9 శాతం పడుతుంది. అంటే చివరి కాస్త దుమ్మును పట్టడానికి మొదటి 90 శాతానికి అయినంత ఖర్చు మళ్లీ మళ్లీ పెట్టాలి. ఈ సమీకరణం తెలిసిన ఇంజినీరుకు, యజమాని ‘కొంచెం చిన్నది చాలదా’ అన్నప్పుడు ఆ ‘కొంచెం’ విలువ తెలుస్తుంది. దుమ్ము స్వభావం ఇంకో చిక్కు. బూడిద ఎక్కువ, గంధకం తక్కువ ఉండే మన బొగ్గు బూడిదకు విద్యుత్ నిరోధం ఎక్కువ, అందువల్ల పలకలకు పట్టించడం కష్టం. విదేశీ డిజైన్‌ను అలాగే తెచ్చి పెడితే కాగితం మీది సామర్థ్యం రాదు. అది మెటీరియల్స్ కెమిస్ట్రీ.

ఇంతవరకు సైన్స్ సరిపోయింది. అయితే రాయ్‌పూర్ వాసుల నుంచి ఏళ్ల తరబడి వినిపిస్తున్న ఆరోపణ వేరు. కరెంటు ఖర్చు మిగుల్చుకోవడానికి కొన్ని ఫ్యాక్టరీలు రాత్రిపూట ఈఎస్‌పీలను ఆపేస్తున్నాయన్నది ఆ ఆరోపణ. పొద్దున్నే డాబాల మీద, చెరువు నీటి మీద, వరి ఆకుల మీద పేరుకునే నల్లటి పొడిని జనం ఇందుకు సాక్ష్యంగా చూపిస్తారు.

ఆగిపోయిన ఈఎస్‌పీని కూలుంబ్ సూత్రం వివరించలేదు. ఎందుకు ఆగిందో తెలియాలంటే నష్టం ఒకరిది, ఆదా ఇంకొకరిది అయినప్పుడు ఏం జరుగుతుందో చెప్పే ఆర్థికశాస్త్రం కావాలి. 1981 వాయు కాలుష్య చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలికి ఉన్న అధికారాలేమిటో, వాటిని వాడటం ఎందుకు కష్టమో తెలియాలి. స్విచ్ ఆపమని పైనుంచి చెప్పినప్పుడు షిఫ్ట్ ఇంజినీరుకు కాదనే స్థోమత ఉందో లేదో చూడాలి. కాంట్రాక్టు మీద పనిచేసే పాతికేళ్ల కుర్రాడికి అది సిలబస్‌లోని ‘ప్రొఫెషనల్ ఎథిక్స్’ యూనిట్-3లో ఉన్నంత తేలిక కాదు.

యంత్రమా, మనిషా: దల్లీ రాజ్‌హరా లెక్క

భిలాయి ఉక్కు కర్మాగారానికి ఖనిజం వచ్చేది దల్లీ రాజ్‌హరా గనుల నుంచి. 1970ల్లో అక్కడ వేలమంది కాంట్రాక్టు కూలీలు, వారిలో చాలామంది ఆదివాసులు, చేతులతో ఖనిజం తీసేవారు. 1977లో వారితో శంకర్ గుహా నియోగి నాయకత్వంలో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ ఏర్పడింది. గనులను పూర్తిగా యంత్రీకరించాలన్న ప్రతిపాదన వచ్చింది. అంతకుముందే బైలదిల్లాలో యంత్రీకరణతో వేలమంది రోడ్డున పడటం, 1978 ఏప్రిల్‌లో కిరండూల్‌లో పోలీసు కాల్పులు జరగడం వాళ్ల కళ్ల ముందున్నాయి.

సంఘం ‘యంత్రాలు వద్దు’ అనే నినాదంతో ఆగలేదు. ఏ దశలో యంత్రం వాడాలి, ఏ దశలో మనిషి పని ఉంచాలి అని విడదీసి ‘సెమీ మెకనైజేషన్’ ప్రత్యామ్నాయాన్ని ముందుకు తెచ్చింది. టన్ను ఖర్చు, ఖనిజం నాణ్యత, ఉపాధి మూడూ కలిపి వాదించింది. పూర్తి యంత్రీకరణను కొన్నేళ్లు నిలువరించగలిగింది. చదువుకోని కూలీల సంఘం ఒక ఇంజినీరింగ్ సమస్యను ఇంజినీరింగ్ భాషలోనే తిరగరాసిందన్నమాట. అదే కూలీల చందాలు, శ్రమతో 1983లో అక్కడ షహీద్ ఆసుపత్రి మొదలైంది. నియోగిని 1991 సెప్టెంబర్ 28న భిలాయిలో కాల్చి చంపారు.

మైనింగ్ విద్యార్థికి యంత్రం ఎంపిక ఒక లెక్క. గట్టిదనం, టన్నులు, డీజిల్, విడిభాగాలు. ‘ఎన్ని ఉద్యోగాలు’ అన్నది ఆ సమీకరణంలో ఒక వేరియబుల్ అవుతుందా కాదా అన్నది ఏ పాఠ్యపుస్తకమూ తేల్చదు. దాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం కూడా ఒక నిర్ణయమే. ఆ సంగతి గుర్తించడానికి చరిత్ర, రాజకీయార్థిక శాస్త్రం కాస్తయినా తెలియాలి. రాయ్‌పూర్ మైనింగ్ క్లాసులో చెప్పుకోవడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

సున్నా క్రెడిట్ల ఐదో షెడ్యూలు

తెలుగువారికి బైలదిల్లా దూరం కాదు. అరకు రైలుగా మనకు తెలిసిన కొత్తవలస–కిరండూల్ మార్గం వేసిందే ఆ కొండల ఖనిజాన్ని విశాఖ రేవుకు తేవడానికి. అక్కడ తవ్వే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. గనుల వ్యర్థాలతో ఎర్రబారిన శంఖిని, డంకిని నదుల గురించి దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు.

2019 జూన్‌లో బైలదిల్లాలోని 13వ నంబరు డిపాజిట్ తవ్వకాన్ని వ్యతిరేకిస్తూ వేలాది ఆదివాసులు కిరండూల్‌లో ఎన్‌ఎండీసీ కార్యాలయం ముందు బైఠాయించారు. ఆ కొండను వారు నందరాజ్‌గా కొలుస్తారు. 2014లో గ్రామసభ అంగీకరించినట్టు చూపిన పత్రం నకిలీదని వారి ఆరోపణ. రాష్ట్ర ప్రభుత్వం పనులు ఆపించి విచారణకు ఆదేశించింది.

ఇక్కడ ఖనిజం శాతం, కొండ వాలు, పేలుడు పదార్థం మోతాదు అన్నీ సరిగ్గా లెక్కగట్టినా ప్రాజెక్టు ఆగింది. ఆపింది పెసా చట్టం (1996), అటవీ హక్కుల చట్టం (2006), రాజ్యాంగం ఐదో షెడ్యూలు చుట్టూ ఉన్న ప్రశ్న. ఐదో షెడ్యూలు ప్రాంతాల్లో గనుల లీజుల మీద దేశానికి దారి చూపిన తీర్పు తెలుగు నేల నుంచే వెళ్లింది. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి ప్రాంతంలోని లీజులపై సమత సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997 జులైలో, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వరాదని చెప్పింది.

మైనింగ్ విద్యార్థులు చట్టాలు అసలు చదవరని కాదు. గనుల చట్టాలు, భద్రతా నిబంధనలు వారికి ప్రధాన సబ్జెక్టే. మేనేజర్ సర్టిఫికెట్ రావాలన్నా అవి కావాలి. కానీ అవి గని లోపలి చట్టాలు. గని గేటు బయట ఎవరుంటారు, వారికి ఏ హక్కులున్నాయి అన్నది ‘భారత రాజ్యాంగం’ అనే సున్నా క్రెడిట్ల కోర్సులో ఒక మూల ఉంటుంది. రాష్ట్రంలో పెద్ద భాగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ఛత్తీస్‌గఢ్‌లో కూడా హాజరు వేసుకుని వెళ్లిపోయే క్లాసు అదే.

భాష సంగతీ అంతే. సిలబస్‌లో కమ్యూనికేషన్ అంటే ఇంగ్లిష్, ఇంకా చెప్పాలంటే ఇంటర్వ్యూ ఇంగ్లిష్. దంతేవాడలో గ్రామసభ ముందు నిలబడే ఇంజినీరుకు కావాల్సింది గోండీ, హల్బీ. కోంటా వైపు దోర్లా, తెలుగు.

అమర్‌కంటక్ నుంచి గచ్చిబౌలి మీదుగా

ఈ లోటును పూడ్చే ప్రయత్నాల్లో బాగా విస్తరించినది ‘యూనివర్సల్ హ్యూమన్ వాల్యూస్’. ఏఐసీటీఈ దీన్ని మూడు వారాల ఇండక్షన్‌లో చేర్చింది, తర్వాత ప్రత్యేక కోర్సుగానూ తెచ్చింది. దీని ప్రయాణం ఆసక్తికరం. ఛత్తీస్‌గఢ్ సరిహద్దును ఆనుకుని ఉన్న అమర్‌కంటక్‌లో నివసించిన ఎ. నాగరాజ్ ‘మధ్యస్థ దర్శనం’ అనే తాత్విక చింతనను రూపొందించారు. దాని బోధనా రూపం ‘జీవన్ విద్య’. ప్రొఫెసర్ రాజీవ్ సంగల్ డైరెక్టర్‌గా ఉన్నప్పుడు హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో 2005 నుంచి మానవ విలువల కోర్సు తప్పనిసరైంది. ఆ నమూనా అక్కడి నుంచి దేశమంతటికీ పాకింది. ఛత్తీస్‌గఢ్ పొరుగు ఊరి ఆలోచన హైదరాబాద్‌లో సిలబస్‌గా మారి మళ్లీ రాయ్‌పూర్ క్లాసురూముకు చేరిందన్నమాట.

విద్యార్థిని తన గురించి తాను ఆలోచించుకోమనడం మంచిదే. ర్యాంకుల పరుగులో వచ్చిన పిల్లలకు ఆ మూడు వారాలు ఊపిరి పీల్చుకునే సమయం కావచ్చు. కానీ అది హ్యుమానిటీస్‌కు బదులు కాదు. ఒకే దర్శనం ఆధారంగా వచ్చిన ‘సామరస్యం’ పాఠం వేరు, ఒకరితో ఒకరు విభేదించే ఆధారాలను పక్కపక్కన పెట్టి తేల్చుకోమనే చరిత్ర, సమాజశాస్త్రాల క్రమశిక్షణ వేరు. దల్లీ రాజ్‌హరా వివాదంలో యాజమాన్యానికీ కూలీలకూ మధ్య ఉన్నది మనస్పర్థ కాదు, ప్రయోజనాల ఘర్షణ.

అదే ట్రిపుల్ ఐటీలో ఇంకో ప్రయోగం కూడా జరిగింది, దాని గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. కంప్యూటర్ సైన్స్‌తో భాషాశాస్త్రాన్ని కలిపిన డ్యుయల్ డిగ్రీ అది. భారతీయ భాషల మధ్య యంత్రానువాదానికి పాణినీయ వ్యాకరణ దృష్టిని ఆధారం చేసుకున్న పరిశోధనలో సంగల్‌ది ముఖ్య పాత్ర. అక్కడ వ్యాకరణం కోడ్‌కు ముడిసరుకు, అలంకారం కాదు.

సంస్కృతం మార్కులు, ఐచ్ఛిక గణితం

హ్యుమానిటీస్ మీద చిన్నచూపు ఇంజినీరింగ్‌లో మొదలవదు. తెలుగు రాష్ట్రాల కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో ఎంపీసీ విద్యార్థులు రెండో భాషగా సంస్కృతం తీసుకోవడం పాణిని మీద ప్రేమతో కాదు, మార్కుల కోసం. ల్యాబ్‌లో లోలకం ఊపి చూడకుండానే డోలనావర్తన కాలం ప్రశ్నలు వందలు చేసేసిన వారూ అక్కడి నుంచే వస్తారు. అంటే బేసిక్ సైన్స్ కూడా బలంగా ఉందనుకోవడం పొరపాటే. సమాధానం త్వరగా రాబట్టడం వేరు, ప్రశ్నను సమీకరణంగా మార్చుకోవడం వేరు. 2008లో మొదలైన ఆర్‌జీయూకేటీలు పదో తరగతి తర్వాత ఆరేళ్ల సమీకృత కోర్సుతో, పీయూసీలో సైన్స్‌తో పాటు తెలుగునూ ఉంచి ఈ చట్రం బయట ఒక దారి చూపాయి.

బేసిక్ సైన్స్ అవసరమా అన్న చర్చా ఒకసారి బహిరంగంగానే వచ్చింది. 2021 మార్చిలో ఏఐసీటీఈ తన నిబంధనల్లో, 14 సబ్జెక్టుల జాబితాలో ఏవైనా మూడు చదివినవారు ఇంజినీరింగ్‌లో చేరవచ్చని పేర్కొంది. ప్లస్ టూలో గణితం, ఫిజిక్స్ లేనివారికి బ్రిడ్జ్ కోర్సులు పెడతామంది. విమర్శలు వెల్లువెత్తాక ఇది తప్పనిసరి కాదని, రాష్ట్రాలు, సంస్థలు పాత అర్హతలే కొనసాగించుకోవచ్చని వివరణ ఇచ్చింది. మరుసటి ఏడాది నిబంధనల్లో సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ వంటి బ్రాంచీలకు గణితం, ఫిజిక్స్ మళ్లీ తప్పనిసరయ్యాయి. ఆర్కిటెక్చర్, ఫ్యాషన్ టెక్నాలజీ, ప్యాకేజింగ్ టెక్నాలజీ లాంటి వాటికి కొంత సడలింపు ఉంది.

ఎక్కడ కలపాలి?

క్రెడిట్లు పెంచితే చాలదు. పన్నెండును ఇరవై చేసి అవీ ఫస్టియర్‌లోనే కుక్కితే ఇంకాస్త పెద్ద గండమవుతుంది. ఈఎస్‌పీ డిజైన్ వచ్చేది మూడో ఏడాదిలో. కాలుష్య చట్టం, దాని ఆర్థికం అప్పుడే, అదే ప్రాజెక్టులో భాగంగా వస్తే విద్యార్థికి అతుకుతాయి. గని ప్లానింగ్ ప్రాజెక్టులో గ్రామసభ తీర్మానం, పునరావాస లెక్క కూడా డ్రాయింగులతో పాటు జత చేయమంటే సరిపోతుంది. బేసిక్ సైన్స్ విషయంలో రాయ్‌పూర్ ఎన్‌ఐటీలో దీనికి పాత నమూనా ఉంది. గనుల కాలేజీ కావడంతో అక్కడ అప్లయిడ్ జియాలజీ ప్రత్యేక విభాగంగా ఉంది. రాయిని చదివే శాస్త్రం మైనింగ్‌కు పరాయిదని అక్కడ ఎవరూ అనరు.

అడ్డంకి ఎక్కువగా పాలనాపరమైనది. హ్యుమానిటీస్ అధ్యాపకుడు చాలా కాలేజీల్లో ఫస్టియర్ సెక్షన్లన్నిటికీ ఒకే పాఠం చెప్పే వ్యక్తి. సొంత పరిశోధన, పై తరగతుల్లో చోటు అరుదు. ప్రాజెక్టుకు సహ మార్గదర్శకుడిగా ఆయన పేరు ఉండాలంటే పనిభారం లెక్కగట్టే పద్ధతి మారాలి.

మరో మార్గం కాగితం మీద ఇప్పటికే తెరుచుకుంది. 2020 జాతీయ విద్యా విధానం ఇంజినీరింగ్ సంస్థలనూ బహుళ విషయ సంస్థలు కమ్మంది. 2021 జులైలో మొదలైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ద్వారా ఒక సంస్థ విద్యార్థి మరో సంస్థలో చదివిన కోర్సు క్రెడిట్లను జమ చేసుకోవచ్చు. రాయ్‌పూర్ ఎన్‌ఐటీ ఉన్న గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు మీదే, దగ్గర్లోనే, 1964లో ఏర్పడిన పండిత్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం ఉంది. అందులో ఆంత్రోపాలజీ విభాగం ఉంది. నయా రాయ్‌పూర్‌లో హిదాయతుల్లా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. మైనింగ్ మూడో ఏడాది విద్యార్థి ఒక సెమిస్టర్‌లో ఆదివాసీ సమాజాల మీద అక్కడో కోర్సు, భూసేకరణ చట్టం మీద ఇక్కడో కోర్సు చదివి, వాటిని తన 18 ఓపెన్ ఎలక్టివ్ క్రెడిట్లలో చూపించుకోవడానికి రెండు సంస్థలూ ముందుగా ఒప్పందం చేసుకోవాలి, ఆ రెండు క్యాంపస్‌ల టైమ్‌టేబుళ్లలో మంగళవారం మధ్యాహ్నమో, గురువారం మధ్యాహ్నమో ఒకేసారి ఖాళీ పెట్టుకోవాలి.